పెండ్లిచూపులకు గని లాంపు

నన్ను మాత్రం "దమ్మున్నోడివి" అనకుండ్రి. ఎందుకో చెప్త వినుండ్రి. ముందుగాల నవ్వొస్తది, తర్వాత రాదు.

గోదావరిఖనిల నేను గనిపనికి కుదిరిన కొత్తలు. లాంపు రూంల మన నంబరు బిళ్ళ ఇస్తే లాంపు ఇస్తరు. పైకొచ్చి లాంపు అప్పజెప్తే బిళ్ళ వాపసు. బిళ్ళ ఇంకా అక్కడనే ఉన్నదంటే మనిషి లోపలున్నట్టు లెక్క.

ఆ దినం మొదటి షిఫ్టు కాంగనే మందమర్రిల పెండ్లిచూపులు. పిల్ల తరఫోళ్ళకు నా దమ్ము చూపియ్యాలె గదా! లాంపును తువ్వాలల చుట్టి, చల్లగ బయటపడి రైలెక్కిన.

నడుముకు బ్యాటరీ, నెత్తిన టోపీ, దానికి లాంపు. పిల్ల చాయ్ తేంగనే ఠక్కున లైటేసిన! పాపం, కండ్లు మూసుకున్నది. వాళ్ళ అవ్వ అడిగింది: "పట్టపగలు దీపమేంది బిడ్డా, చూపు ఆనదా?"

పొద్దుగూకే యాళ్ళకు తిరిగొస్తే గని ముంగట జనం. మా అమ్మ నేల మీద కూలబడి ఏడుస్తున్నది.

"అగో, వీడు పైననే ఉన్నడు!" అని ఎవరో కేకేసిండ్రు.

నా బిళ్ళ చూసి, నేను లోపల చిక్కుకున్ననని దేవులాడుతున్నరు. దిగినోళ్ళల్ల ఖాసిం కాక ఉన్నడు. నాకు పని నేర్పినోడు. బొగ్గు దుమ్ముకు రొమ్ము పాడైందని, ఇగ కిందికి దిగొద్దని డాక్టర్ చెప్పిన మనిషి. "పోరడు నా చేతికింద పని నేర్చినోడు" అని, ఎవరాపినా ఆగలేదంట.

కాక పైకొచ్చి గోడకానుకొని కూసున్నడు. ఊపిరి అందుతలేదు. నా నెత్తి మీది లాంపు చూసిండు. తిడితే బాగుండు. తిట్టలే.

"ఏడికి పోయినవ్ బేటా?"

"దమ్ము చూపియ్యబోయిన కాకా."

నవ్వబోతే దగ్గొచ్చింది. "దమ్మంటే ఏందో ఎరుకేనా? మా ఉర్దూల ఊపిరి. పారసీ భాష నుంచి వచ్చిందని మా అబ్బ చెప్తుండె. ఊపిరి బిగవట్టి నిలవడ్డోన్ని దమ్మున్నోడన్నరు. అట్ల మీ తెలుగుల ధైర్యమైంది." మళ్ళ దగ్గిండు. "ఫికర్ చెయ్యకు. మీ అమ్మను తోల్కొని ఇంటికి పో, ఏడుస్తున్నది."

కాక మళ్ళ గనికి రాలే. దవాఖానల నెల దినాలు పక్కన కూసున్న. ఆయన ఊపిరి ఎగపోస్తుంటే నన్ను నేనే తిట్టుకున్న. నెల తిరగంగనే పోయిండు.

పిల్లనైతే ఇచ్చిండ్రు. ఆమె ఇప్పటికీ అంటది: "ఆ దినం నీ లైటుకు కండ్లు మూసుకున్న. లేకుంటే నిన్ను సరిగ్గ చూసి వద్దనేదాన్ని."

నిజమే. నేనెంత పిచ్చోన్నో సరిగ్గ ఎరిగినోడు కాక ఒక్కడే. అయినా నా కోసం దిగిండు.