బావ ఇచ్చిన రక్తం

2003లో ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ పూర్తి చేసి, విజయవాడలో ఒక పరిశోధన కేంద్రంలో చేరాను. నెలనెలా రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లల జన్యువులను పరీక్షించడం మా పని. మొదటి నెలలో, పోల్చి చూసుకోవడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే నాదే ఇచ్చాను. ఫలితం చూద్దును కదా, ఆ జన్యులోపం నాలోనూ ఉంది!

"నీకేం కాదమ్మా. చేసుకోబోయేవాడికి కూడా ఉంటేనే పిల్లలకు ప్రమాదం" అన్నారు మా మేడమ్.

అప్పటికే మా మేనత్త కొడుకు సుధాకర్ బావతో నా పెళ్లి ఖాయమైంది. దగ్గరి రక్తసంబంధం కనుక తనకూ ఉండే అవకాశం ఎక్కువ. ఏడుస్తూ ఫోన్ చేశాను. కంకిపాడులో ఎరువుల కొట్టు మూసేసి గంటలో వచ్చేశాడు.

"ఎంత కావాలంటే అంత తీసుకో, ముందు ఏడుపాపు" అని చొక్కా చెయ్యి మడిచాడు. తీరా సూది చూడగానే కళ్లు తేలేసి నా మీదే పడిపోయాడు. ల్యాబంతా నవ్వుతుంటే సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను. తేరుకున్నాక కళ్లు గట్టిగా మూసుకుని రక్తం ఇచ్చాడు.

ఫలితానికి మూడు రోజులు పట్టింది. రోజూ ఫోన్ చేసి "అన్నం తిన్నావా?" అని మాత్రమే అడిగేవాడు. తనకు లోపం లేదని తేలగానే మేడమ్ ముందే భోరుమన్నాను. బావకు చెబితే, "హమ్మయ్య, ఇంక సూది లేదుగా!" అన్నాడు.

తర్వాత ఎన్నో కుటుంబాలకు రిపోర్టులిచ్చాను. ఆ మూడు రోజులు గుర్తుండబట్టే, సిద్ధమైన రిపోర్టును ఒక్క పూట కూడా నా బల్ల మీద ఉంచుకోను.

– సుజాత, కంకిపాడు