బజారు మేడల మీద కాపురాలు పెట్టించిన అత్త

మా మేనత్త పోయింది. జమ్మలమడుగులో బంధువుల పెళ్లిలో తాంబూలాలు పంచుతుంటే ఫోన్ వచ్చింది. ప్రొద్దుటూరులో మా ఎదురింటి దర్జీ భాయ్. "అమ్మా, మీ అత్త ఇంక లేదమ్మా" అన్నాడు. చేతిలోని సంచి ఎవరికిచ్చానో, బస్టాండుకు ఎట్లా వచ్చానో తెలియదు. బస్సులో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే ఒకచోట ఫక్కున నవ్వాను. పక్క సీటులో ఉన్నామె నన్ను అదోలా చూసి కొంచెం జరిగి కూర్చుంది. ఏం చెప్పను ఆమెకు? మా అత్తను తలుచుకుంటే ఏడుపు ఎంతసేపో నిలవదు. ఈ నాలుగు మాటలూ దిగులుగా రాయాలనే మొదలుపెట్టాను. దిగులు నిలిస్తేగా!

ప్రొద్దుటూరు గుడ్డల బజారులో గాజులంగడి మా అత్తది. మామ పోయాక ఆమే నడిపింది. కింద అంగడి, పైన ఇల్లు. మనిషి పొట్టి, సన్నం. గొంతు మాత్రం బజారు ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేది. ఆ గొంతు చూసే ఓట్లేశామని వార్డులో జనం ఆటపట్టించేవాళ్లు. కౌన్సిలరయ్యాక కూడా గల్లాపెట్టె ముందు కూర్చునే అర్జీలు తీసుకునేది. ఒక చేత్తో కొత్త పెళ్లికూతురికి గాజులు తొడుగుతూ, "నీ కొళాయి సంగతి ఏందప్పా, చెప్పు" అని ఇంకొకరిని అడిగేది. అంత హడావిడిలోనూ ఒక్క గాజు పగిలేది కాదు.

మా బజారు సంగతి చెప్పాలి. పగలు కాలు పెట్టే సందుండదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ పెళ్లి బట్టలకు ఇక్కడికే వస్తాయి. అంగళ్లు కట్టేశాక మాత్రం కుక్కలు తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఒకప్పుడు ప్రతి అంగడి మీదా ఒక సంసారం ఉండేది. బండికి చోటు లేదని ఒకరు, గాలి రాదని ఒకరు, ఒక్కొక్కరే బైపాసు వైపు లేఅవుట్లలో ఇళ్లు కట్టుకుని పోయారు. మా చీరలంగడి మీది గదులు వదిలి మేమూ పోయాం, ఇంకెవరినో అనడం దేనికి! మనుషులున్న గదుల్లోకి చీరల మూటలు చేరాయి. చివరికి ఆ బజారులో పొయ్యి వెలిగించేది మా అత్త ఒక్కతే అయింది.

ఆమె కొడుకు, అంటే మా బావ, పులివెందులలో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా తల్లితో ఒకటే గొడవ. ఒక ఉగాదికి గట్టిగానే పట్టుబట్టాడు. "నీకేమన్నా అయితే పిలిస్తే పలికేటోళ్లు ఎవరుండారమ్మా ఈడ? గమ్మున నాతో రా."

"పలికేటోళ్లను నేను పిలిపిచ్చుకుంటాలే" అంది అత్త. "మల్లా ఉగాదికి రా నాయనా. అప్పటికీ బజారు ఇట్లనే ఉంటే, అంగడికి తాళమేసి నీ యెనకాల్నే వస్తా."

మా అత్త మాటంటే మాటే. బజారు మారకపోతే ఆమె నిజంగానే వెళ్లిపోతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాకు ప్రొద్దుటూరంటే ఆమే. ఏం చేస్తావని నేనడిగితే, "అంగళ్లు ఊరా యేందే? కాపురాలుంటేనే ఊరు. తెచ్చుకుందాం పట్టు" అని నవ్వేసింది.

కౌన్సిల్ సమావేశానికి నన్నూ వెంటబెట్టుకుపోయి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఆమె కోరింది ఒక్కటే. బజారులో అంగళ్ల పైన కాపురం ఉండేవాళ్లకు మూడేళ్లపాటు ఇంటి పన్ను సగం తగ్గించాలి. ఒక సభ్యుడు లేచి, "తగ్గిచ్చుకుంటా పోతే మున్సిపాలిటీకి ఏం మిగులుతాదమ్మా?" అన్నాడు.

అత్త ఆయన వైపు చూడనే లేదు. అధికారిని అడిగింది. "సార్, ఇల్లు ఖాళీగా ఉండాదని అర్జీ పెట్టుకుంటే పన్ను తగ్గిస్తారా, లేదా?"

"తగ్గిస్తామమ్మా. చట్టంలో ఉంది."

"ఇంటికి తాళమేసినోనికి తగ్గిస్తారు. ఇంట్లో దీపం పెట్టినోనికి మాత్రం తగ్గించరు. ఇదేం న్యాయమప్పా!"

హాలంతా నవ్వులు. అడ్డుపడినాయన కూడా నవ్వి, చేయెత్తాడు. "సరేమ్మా, చూస్తాంలే" అని ఎవరో అంటే అత్త కూర్చోలేదు. "చూస్తాంలే అనేది మాట కాదు. ఎప్పుడు చేస్తారో చెప్పండి, అప్పుడు కూర్చుంటా" అని నిలబడే ఉంది. తీర్మానం అయ్యాకే కూర్చుంది. అది పైన ప్రభుత్వానికి పోయి, మా బజారు వరకు చేసి చూడండని అనుమతి వచ్చేదాకా ఆఫీసుకు ఫోన్లు చేస్తూనే ఉంది. వచ్చిన రోజు బజారంతటికీ ఉగ్గాణి, బజ్జీలు పంచింది. నేను రెండుసార్లు తిన్నాను.

అనుమతి వచ్చింది కానీ మనుషులు రాలేదు! పన్ను తగ్గితే మాత్రం మొదట ఎవరు మెట్లెక్కుతారు? ఒకరొస్తే మేమూ వస్తామని అందరూ అన్నవాళ్లే. ఒక ఆదివారం అత్త ఆటో ఎక్కి లేఅవుట్లో మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఏమే, మీ అంగడి మీద మూడు గదులుండాయి. వాటిల్లో చీరల మూటలు కాపురం చేస్తాండాయి. వాటిని ఈడికి తోలి, మీరు ఆడికి రాండి."

"బండి యాడ పెట్టుకోవాల అత్తా?" అన్నాడు మా ఆయన.

"అంగడికి పోను గదా నాయనా నీకు బండి? అంగడి మీదే ఉంటే బండితో ఏం పని?"

మా ఆయన బండి తాళాలు గూట్లో పెట్టేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన్ను అట్లా ఒక్క మాటతో ఒప్పించిన మనిషిని నేను చూడలేదు. నెల తిరగకముందే బజారులో పాలు పొంగించాం. నిజం చెప్పొద్దూ, నాకు తిరునాళ్లలో కాపురం పెట్టినట్టే ఉండింది. కరివేపాకు కావాలంటే మెట్లు దిగితే చాలు. పూలమ్మి కింద నుంచి కేకేస్తే బుట్ట వదిలి పైకి లాక్కునేదాన్ని. తర్వాత కువైట్ నుంచి తిరిగొచ్చిన దర్జీ భాయ్ కుటుంబం ఎదురు మేడలో దిగింది. ఆయన భార్య పంపే సేమ్యా పాయసం తిని మా అత్త, "ఇన్నాళ్లూ ఈ బజారులో నేను తిన్నది తిండేనా?" అనేది. ఒక టీచరమ్మ వచ్చింది. కంసాలి అన్నదమ్ములు ఇద్దరు తిరిగొచ్చారు. ఒక్కో పొయ్యి వెలిగినప్పుడల్లా అత్త పండగ చేసుకునేది.

పన్ను తగ్గుతుందంటే దొంగ కాపురాలు పుట్టవా మరి? ఆఫీసువాళ్లు గ్యాసు బిల్లులు, ఆధార్ కార్డులు అడిగారు. అవి ఎవరైనా చూపిస్తారు. అత్తది వేరే పద్ధతి. వాళ్లతోపాటు మెట్లెక్కి, ఆయాసపడుతూ, "అమ్మా, రోంత మజ్జిగ ఇయ్యండి" అనేది. కాపురమున్న ఇంట్లో ఏ వేళప్పుడు అడిగినా మజ్జిగ ఉంటుందని ఆమె లెక్క. ఒక చీరల సేటు గోడౌను మెట్ల ముందు నీళ్లు చల్లించి, చక్కటి ముగ్గు వేయించి, పైన ఒక మంచం, ఒక స్టవ్వు పెట్టించాడు. అత్త వెళ్లి మజ్జిగ అడిగింది. సేటు, "ఇదో, మా ఇంటామె తెస్తాది" అని లోపలికి పోయి, వెనక మెట్ల మీదుగా మనిషిని హోటలుకు పరిగెత్తించాడు. అత్త చీరల మూట మీద కూర్చుని ఓపిగ్గా కనిపెట్టుకుంది. వచ్చిన మజ్జిగ గుటకేసి, "బాగుండాదప్పా. మీ ఇంటామె కాగితం గలాసుల్లో ఇస్తాదా?" అంది.

పాపం, సేటు మొహం చూడాలి! బస్సులో నాకు నవ్వు తెప్పించింది ఆ మొహమే. అత్త మాత్రం కోప్పడలేదు, నలుగురిలో పరువూ తీయలేదు. "మీ వానికి పెండ్లి చేస్తాండారు గదా. కొత్త జంటను ఈడ పెట్టు, పన్ను నేనే తగ్గిపిస్తా. పెండ్లికూతురికి గాజులు నా అంగట్లోనే తొడిగిద్దువు గాని" అంది. పెళ్లయ్యాక ఆ జంట నిజంగానే వచ్చింది. ఆ అమ్మాయి చేసే మజ్జిగలో అల్లం, కొత్తిమీర ఉంటాయి. పనున్నా లేకున్నా మా అత్త ఆ మెట్లెక్కేది.

ఉగాది వచ్చింది. బావ కారేసుకుని తల్లిని తీసుకుపోవడానికి వచ్చాడు. కారు సందులోకి పట్టలేదు. నడిచి వచ్చి చూస్తే ఇంట్లో అత్త లేదు. నన్నడిగాడు. "ఇప్పుడే భాయ్ వాళ్లింటికి పోయింది బావా" అన్నాను. అక్కడికి పోతే, "ఇప్పుడే టీచరమ్మ కాడికి పోయిందే" అన్నారు. టీచరమ్మ పచ్చడి గిన్నె చేతిలో పెట్టి కొత్త జంట ఇంటికి పంపింది. అక్కడ దొరికింది అత్త, భక్ష్యాలు తింటూ. బావ గుమ్మంలో చెప్పులు విడిచాడు. "సర్దుకుంటివా అమ్మా?" అని అడగాల్సినవాడు, "నాకూ ఒకటి పెట్టమ్మా" అని ఆ కొత్త కోడలిని అడిగి కూర్చున్నాడు. ఆ సాయంత్రం కారులో ఒక్కడే వెళ్లాడు. నేను పట్టలేని సంతోషంతో మిద్దె మీదికి పోయి గట్టిగా అరిచాను. ఎవరూ తప్పుగా అనుకోలేదు, మా బజారులో అరుపులు మామూలే.

మొన్న పొద్దున అత్తకు గుండె పట్టేసింది. నేను పెళ్లికి పోయి ఊళ్లో లేను. ఆమె ఒక్క కేక వేసిందట. దర్జీ భాయ్ భార్య పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. సేటు కొడుకు, కంసాలి అన్నదమ్ములు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. ఆసుపత్రి చేరేదాకా టీచరమ్మ ఒళ్లోనే తల పెట్టుకుందట. అంతమంది ఉన్నా ప్రాణం నిలవలేదు. నేను చేరేసరికి బావ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఒక్క మాటే అన్నాడు. "ఏమే, పిలిస్తే పలికినారంట."

నాకు అప్పుడు వచ్చిన ఏడుపు వేరు.

మధ్యాహ్నం బజారు మీదుగానే తీసుకుపోయాం. శవం పోతుంటే దాటేదాకా అంగళ్ల షట్టర్లు దించడం మా వైపు అలవాటు. ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చారు. బజారులో చడీచప్పుడూ లేదు. నేను తలెత్తి చూశాను. ఈ కొస నుంచి ఆ కొసకు మేడల మీద ఆడవాళ్లు, మగవాళ్లు, చంకల్లో పిల్లలు. ఎవరో బంతిపూలు చల్లారు. కింద బజారంతా మూతపడి ఉంది. పైన ఒక్క కిటికీ కూడా మూసి లేదు.