ఆగని బొటనవేలు

పెడనలో కలంకారీ అచ్చులు వేసే పూర్ణచంద్రరావుగారికి యాభై నాలుగో ఏట కుదురు తప్పింది. అంతకు మునుపు బల్ల దగ్గర నిలబడితే భోజనాల వేళ వరకు తల ఎత్తేవారు కారు. పువ్వు పక్కన పువ్వు వెంట్రుకవాసి తేడా లేకుండా దిగేది. అటువంటి మనిషి ఇప్పుడు బస్సులో కడ్డీ పట్టుకున్నా, కంచం ముందు కూర్చున్నా, కుడిచేతి బొటనవేలితో ఏదో ఒకదాన్ని కొడుతూనే ఉన్నారు.

“ఆ కంచం ఏం పాపం చేసిందండీ? ముందు అన్నం తినండి,” అని భార్య సుభాషిణి కసురుకునేది.

దీనికి మూలం పోయిన ఏటి వానాకాలంలో ఉంది. అద్దిన దుప్పట్లు మచిలీపట్నంలో ఒక దుకాణానికి అప్పగించి వస్తూ, వాన కురిస్తే ఆయన ఒక ఇంటి వసారాలో తలదాచుకున్నారు. లోపల ఎవరో గిటారు వాయిస్తున్నారు. కింద ఒక మంద్రనాదం ఎద్దుల నడకలా తడబాటు లేకుండా సాగుతున్నది. దాని మీద మరొక పాట, ఒకమారు తొందరపడి, ఒకమారు కావాలనే ఆలస్యం చేసి, తన ఇష్టం వచ్చినట్లు నడుస్తున్నది. వాన వెలిసినా ఆయన కదలలేదు. కాసేపటికి తలుపు తెరుచుకుని ఒక ముసలాయన బయటికి వచ్చాడు.

“ఎవరు కావాలండీ?”

“ఎవరూ వద్దండీ, వానకి నిలబడ్డాను. వాయించింది మీరని తెలుస్తోంది. ఆ రెండో ఆయన ఏరండీ?”

ముసలాయన తలుపు బార్లా తెరిచి, “మంచం కింద చూడవయ్యా, అక్కడేమన్నా నక్కాడేమో!” అన్నాడు.

ఆ ముసలాయన రత్నరాజు. ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద వంట చేసి ఇంటికి చేరినవాడు. ఓడలో తోటి నావికుడొకడు ఆయనకు ఆ విద్య నేర్పాడు. దానిని కంట్రీ బ్లూస్ అంటారు. అమెరికా దక్షిణ భాగంలో పత్తి చేలలో చెమటోడ్చిన నల్లవారి సంగీతం అది. తోడు వాద్యగాళ్లు లేని మనిషి ఒక్క గిటారుతోనే అంతా వినిపించాలి కాబట్టి, బొటనవేలు లావు తీగల మీద తాళం నిలుపుతుంది, చూపుడువేలు, నడిమివేలు సన్న తీగల మీద పాట పలుకుతాయి. పూర్ణచంద్రరావుగారు రెండో మనిషి అనుకున్నది ఆ బొటనవేలినే.

తరువాతి ఆదివారానికి ఆయన శిష్యుడయ్యారు. రత్నరాజు తన గిటారునే ఇచ్చి ఇంటికి పంపాడు. పూర్ణచంద్రరావుగారు రెండు నెలల పాటు వట్టి బొటనవేలినే సాధన చేశారు. ఆ పైన రెండు నెలలు వట్టి వేళ్లను. రెండూ అద్దంలా కుదిరాయని నమ్మకం చిక్కాక గురువు ముందు కూర్చుని ఒక్కసారిగా కలిపి చూస్తే, రెండూ ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుని కూలబడ్డాయి.

“అసలు ఎట్లా సాధన చేశావయ్యా?” అని రత్నరాజు ఆరా తీశాడు.

“మా పనిలో లాగేనండీ. గుడ్డంతా ముందు నల్లగీత వేసేస్తాం. అది ఆరాక, పూలల్లో ఎరుపు నింపుతాం.”

రత్నరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. “గిటారుకి ఆరబెట్టుకోవడం ఉండదయ్యా! గీతా రంగూ ఒక్క దెబ్బకే పడాలి.”

మళ్లీ మొదటికి వచ్చి, రోజుకొక పిడికెడు స్వరాల చొప్పున రెంటినీ జతచేస్తూ పోయారు. సంక్రాంతి వెళ్లి ఎండలు ముదిరేసరికి మూడు వరసల చిన్న పాట ఒకటి చేతికి వచ్చింది. కాని మరొక జబ్బు బయటపడింది. వేళ్లు ఒక్క స్వరం తప్పితే చాలు, బొటనవేలు ఠక్కున ఆగిపోయేది. ఆయన మొదటినుంచి ఎత్తుకునేవారు, మళ్లీ అక్కడే ఆగేవారు. ముప్పై ఏళ్లుగా ఆ చేతికి ఆయన నేర్పింది అదే. అచ్చు పక్కకి జరిగితే ఆగాలి. ఆగకపోతే తప్పు గుడ్డంతా పాకుతుంది.

ఇంతలో రత్నరాజు వేలి కణుపులు వాతంతో వాచి, తీగ నొక్కడం కూడా గగనమైంది.

“ఇక నీకు చూపించడానికి నా చెయ్యి రాదు. చెవి ఒక్కటే మిగిలింది,” అన్నాడాయన. “మా మేనల్లుడు ప్రసాద్ గూడూరులో చర్చి చూస్తాడు. ఈ గిటారు కావాలని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడు. వచ్చే ఆదివారం వాడు వస్తాడు. ఆ రోజు మూడు వరసలూ బొటనవేలు ఆపకుండా వాయించావా, గిటారు నీది, నా చెవీ నీది. ఆపావా, వాడు పట్టుకుపోతాడు. నువ్వు ఆగినప్పుడల్లా వినే ఓపిక నాకు లేదు.”

కొత్త గిటారు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ చెవి మాత్రం మరెక్కడా లేదని పూర్ణచంద్రరావుగారికి తెలుసు.

ఆ వారం ఆయనకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే గిటారు గుర్తుకొచ్చేది. సోమవారం పదిహేను మార్లు ఆగారు. బుధవారం ఎన్నిమార్లో లెక్కే తప్పింది. గురువారం గిటారు ముట్టుకోబుద్ధి గాక బల్ల దగ్గర నిలబడి దుప్పటికి ఎరుపు అద్దసాగారు. రంగు అద్దిన అచ్చు గుడ్డ మీద ఆనించడం, పిడికిలితో గుద్దడం. ఆ గుద్దుల్లోకి ఆ పాట తాళం ఎప్పుడు చొరబడిందో ఆయన ఎరుగరు.

“ఇదేమిటండీ!” అని సుభాషిణి ఎదుటి బల్ల నుంచి కేక పెట్టింది. “మూడు పూలు గీత దాటి పక్కకి ఒరిగాయి! చూసుకోలేదా?”

“చూశాను.”

“చూసి కూడా ఆపలేదా?”

“ఆపలేదు,” అని ఆయన తన చేతిని ఎవరిదో పరాయి చేతిలా చూసుకున్నారు. “సుభాషిణీ, ఆగలేదే ఇది!”

“పండగ చేసుకోండి! దుప్పటి పాడైంది,” అంటూ ఆమె కత్తెర తీసుకుని ఆ భాగం కోసి పక్కన పడేసింది. ఆయనకు సిగ్గుతో చెవులు కాలాయి. వెంటనే సంతోషం, దాని వెనకే భయం. ఆపడం మరిచిన చేతితో రేపు ఈ బల్ల దగ్గర ఎట్లా నిలబడడం?

ఆదివారం ప్రసాద్ ముందే వచ్చి ఖాళీ గిటారు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పూర్ణచంద్రరావుగారు మొదలుపెట్టారు. మొదటి వరస నల్లేరు మీద బండిలా సాగింది. రెండోదీ దాటింది. మూడో వరస మధ్యలో నడిమివేలు వేరే తీగ మీద పడి, వినలేనంత వికారంగా మోగింది. భుజం బిగుసుకుంది. ఊపిరి ఆగింది. బొటనవేలు మాత్రం సాగుతూనే ఉంది. దాని వెంట వేళ్లు తడుముకుంటూ, ఒక అడుగు ఆలస్యంగా, పాట చివరికి వచ్చి చేరాయి.



“మూడో వరస చెత్తగా ఉంది,” అన్నాడు రత్నరాజు కళ్లు తెరవకుండానే. “ఒరేయ్ ప్రసాదూ, ఆ సంచి ఆయనకిచ్చేయి.”

“మరి మా చర్చికో, మావయ్యా?”

“మీకు కీబోర్డు ఉందిగా, దేవుడు సర్దుకుంటాడులే.”

ప్రసాద్ మొహం ముడుచుకుని సంచి అందించాడు. పూర్ణచంద్రరావుగారు దాన్ని పక్కన పెట్టారు గాని గిటారు అందులో పెట్టలేదు. చెడిన ఆ స్వరం చెవిలో ముల్లులా కదులుతున్నది.

“మేష్టారూ, మూడోది ఒక్కటీ ఇంకొక్కసారి...”

“అన్నం వేళయ్యా!”

“మీరు తింటూ ఉండండి,” అంటూ ఆయన అప్పటికే మొదలుపెట్టారు.