బతికున్నోడి కబురు వాడే చెప్పుకోవాలన్న మైకు మామ

పోయిన వారం మా మైకు మామ పోయాడు. నేను రాయ్‌పూర్‌లో కొత్త పాట రికార్డింగుకు కూర్చోబోతుండగా అత్త ఫోన్ చేసింది. "మీ మామ పొద్దున చాయ్ తాగి నడుం వాల్చిండురా. మళ్ళ లేవలే" అంది. మా ఊరు కొంటాలో ఎవరు చనిపోయినా, ఎవరి మేక తప్పిపోయినా ఆయన గొంతులోనే విన్నవాణ్ణి. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి బోరుమని ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

ఆయనతో నాకు చుట్టరికం లేదు. ఊరందరికీ మామే. ఆటో మీద మైకు గొట్టాలు కట్టుకుని, బట్టల దుకాణం సేల్ గానీ పిల్లల టీకాలు గానీ, తెలుగులో, హిందీలో, మా వైపు గిరిజన భాషలైన హల్బీ, దోర్లీల్లో చెబుతూ తిరిగేవాడు. అందరూ రికార్డు చేసిన మాటలు పెట్టుకుని తిరిగే రోజుల్లో కూడా ఆయన రికార్డు ముట్టలేదు. "రికార్డు పెడితే జనం అడిగినదానికి జవాబెవడు చెప్తడు, నా తాతా?" అనేవాడు.

జనం నిజంగానే అడిగేవారు. "చీరలు రంగు పోతయా మామా?" అని ఎవరో అరుగు మీంచి కేకేస్తే ఆటో ఆపేవాడు. "పోతయమ్మా, ముందు విడిగా ఉతుకు!" అని మైకులోనే చెప్పేవాడు. దుకాణం సేఠ్ తల పట్టుకునేవాడు. మళ్ళీ సేల్ పెడితే మాత్రం మామనే పిలిచేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

నేను, నా దోస్తులు సోమ, బుధ్రు కలిసి ర్యాప్ మొదలుపెట్టినప్పుడు మాకు మైకెక్కడిది? సాయంత్రాలు మామ రేకుల షెడ్డే మా స్టూడియో. సోమ దోర్లీలో, బుధ్రు హల్బీలో, నేను తెలుగు, హిందీల్లో. మొదటిరోజు మామ మా పాట విని, "ఏందిరా, ఊపిరి తీయకుండ ఎవని మీద కోపం? ఒక మాట చెప్పుండ్రి. విన్నోణ్ణి నవ్వనియ్యుండ్రి. అప్పుడు ఇంకోటి" అన్నాడు. ఇప్పటికీ స్టేజి మీద ఆ కాస్త జాగా వదులుతాను. జనం నవ్వేది అక్కడే.

జాతరల్లో పాడాం. ఫోన్లలో మా వీడియోలు జగదల్‌పూర్ దాకా పాకాయి. అప్పుడు రాయ్‌పూర్ నుంచి ఒక స్టూడియో వాళ్ళు పిలిచారు. నన్నొక్కణ్ణే. పోతే దోస్తులు పోతారు, పోకపోతే నేను కోరుకున్న బతుకు పోతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు.

చివరికి మామ దగ్గరికెళ్ళాను. "నువ్వే వాళ్ళకు చెప్పు మామా, నీ మాట కాదనరు" అన్నాను.

మామ కళ్ళెర్రజేశాడు. "చావు కబురంటే నేను చెప్త, పోయినోడు చెప్పలేడు గనక. బతికున్నోడి కబురు వాడే చెప్పుకోవాలె."

మైకు పనిలో ఒక రివాజు ఉందట. జోడీని విడిచి పోయేవాడు వారపు అంగడి రోజున, జోడీ ముందే, తన నోటితో మైకులో చెప్పి పోవాలి. మామ తనకు పని నేర్పిన ఉస్తాద్‌ను అట్లాగే విడిచాడట. ఆ వారం అంగడిలో నా వంతు.

చింతపండు గుట్టల మధ్య ఆటో ఆపి మైకు నా చేతిలో పెట్టాడు. ఎదురుగా సోమ, బుధ్రు. "నేను రాయ్‌పూర్ పోతున్న. పాటలకు నన్నొక్కణ్ణే పిలిచిండ్రు" అన్నాను. మామ వదిలితేనా! "ఇంకా మూడు భాషలున్నయి" అన్నాడు. హిందీ, హల్బీ, దోర్లీ కూడా అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది.

ఇప్పపూలు అమ్ముకునే అవ్వ ఒకామె అడిగింది: "మరి నీ దోస్తులు ఏమంటరు కొడకా?"

మామ మైకు లాక్కుని సోమకు అందించాడు.

సోమ దోర్లీలో అన్న మాటకు తెలుగు ఇది: "మేమే పంపుతున్నం. వీడు మొదటి పాటల మన అంగడి పేరెత్తకపోతే కొంటాలో ఎవ్వరూ వీనికి చాయ్ పోయొద్దు!" అంగడంతా ఘొల్లుమంది. ఎత్తాను, మొదటి పంక్తిలోనే.

బుధ్రు నవ్వలేదు. "నాకు కోపంగనే ఉంది. తగ్గినప్పుడు తగ్గుతది. నువ్వైతే పో" అన్నాడు. ఆ మాటే తర్వాత ఎవరి నోటనో వినివుంటే మళ్ళీ వాడి ముఖం చూడగలిగేవాణ్ణి కాను. ఇవాళ నాకు సొంత పాటలూ ఉన్నాయి, ఆ ఇద్దరూ ఉన్నారు. అది మామ పెట్టిన భిక్షే.

నేను ఊరు విడిచిన పొద్దుటికీ బుధ్రు కోపం తగ్గలేదు. నా సంచి మాత్రం బస్సు దాకా వాడే మోశాడు. సోమ నా భుజమ్మీద చెయ్యి తీయలేదు. మా వెనకాలే మామ ఆటో, మైకు బంద్ పెట్టి, మా ముగ్గురి నడకకు సరిపడా నెమ్మదిగా వచ్చింది.