సామికి వదిలిన పోగు

దయ్యాలు, దేవుళ్లు దిగిరావడాలు అంటే నాకు మొదటినుంచీ నవ్వే. ఇప్పటికీ చీకట్లో ఒంటరిగా పెరట్లోకి వెళ్లగలను.

మాది గద్వాల, మగ్గాల ఇల్లు. మా అత్తమ్మ గురువు ఒకప్పుడు నేతపని చేసినవాడే, ఎడమచేతి వాటం మనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అత్తమ్మ మాత్రం ఆయన పోలేదంటుంది, గద్వాల పైన మబ్బుల్లో ఆశ్రమం కట్టుకున్నాడంటుంది.

"దానికి మెట్లెక్కడున్నయి అత్తమ్మా?" అని ఆటపట్టించేదాన్ని.

"మెట్లెందుకు బిడ్డా? మగ్గం ముంగట కూసుంటే సాలు" అనేది.

మా చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. అత్తమ్మ మిగతావన్నీ కలిపి, ఒక్క పోగు మాత్రం సామికని, అంటే ఆ గురువుకని, వదిలేది. దండం పెట్టుకుని, ఆఖరున దాన్నీ తానే కలిపేది. ఆ పని చూస్తుంటే నమ్మకం లేని నాకు కూడా ముచ్చటేసేది.

పోయిన వానాకాలం ఆ దండం పెట్టబోతూనే పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది. వనపర్తి దవాఖానకు తీసుకుపోయాం. ఇంటికి తాళం వేసింది నేనే. వేలాడుతున్న ఆ పోగును చూసే వేశాను. తాళంచెవి ఒక్కటే, అది నా కొంగున ఉంది.

చెయ్యి వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు. చెయ్యి లేకపోతే ఆమె బతకదని నాకు తెలుసు. వరండాలో నిలబడి ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం దుప్పటి మీద ఆమె కుడిచేతి వేళ్లు మెల్లగా కదిలాయి.

"సామి మనింట్ల కూసున్నడు బిడ్డా. పోగు కలుపుతుండు."

"జర పండుకో అత్తమ్మా" అన్నాను. కలవరింత అనుకున్నాను.

ఇంటికొచ్చి తాళం తీశాక ముందు మగ్గం దగ్గరికే వెళ్లాను. పోగు కలిసి ఉంది. మా ఇంట్లో అందరం కుడివైపుకే మెలిపెడతాం. ఆ ఒక్కటి ఎడమవైపుకు తిరిగి ఉంది.

"నువ్వే కలిపి మర్సిపోయినవేమో" అన్నాడు మా ఆయన. నేను కలపలేదు.

అత్తమ్మ ఇప్పుడు అన్నం తన చేత్తోనే తింటుంది, మగ్గం మాత్రం నాది. నేనూ ఒక పోగు వదులుతున్నాను. అది మళ్లీ ఎన్నడూ దానంతటదే కలవలేదు, ఆఖరుకు నేనే కలుపుతాను. ఆనాడు కలిపిందెవరో ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. కలిపే ముందు మాత్రం కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగుతాను, ఆయనకు వీలవుతుందేమోనని.