రెండు పెద్ద దీపాలు, ఒక చేపల పెట్టె మూత

ఆ రోజుల్లో నాకు కోపం మూడు పూటలా వచ్చేది, భోజనం మాత్రం రెండు పూటలే ఉండేది. నెల్లూరు జిల్లా కోట దగ్గర మా ఊళ్ళో మా తాతగారు బండి దిగితే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేవారట. (ఈ ‘అట’ అనవలసి వచ్చినందుకు కూడా నాకు కోపమే. నేను పుట్టేసరికి బండీ లేదు, లేచేవాళ్ళూ లేరు.) మా పొలాలు రొయ్యల గుంటలై పరుల చేతికి వెళ్ళాక, అమ్మా నేనూ నెల్లూరులో ఒక మేడ వెనకభాగంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఆ రెండు గదుల్లోనూ నేను వెన్ను వంచకుండా నడిచేవాణ్ణి. అందువల్ల వంటింటి గుమ్మం రోజూ నా నుదుటికి తగిలేది. గుమ్మం మీదా కోపం వచ్చేది.

ఉద్యోగమంటే ఇంకొకరి కింద పనిచేయడం కనుక అది మనకు తగదని తేల్చుకుని, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. కెమెరా మా పిన్నికొడుకు మోజు తీరి ఇచ్చింది. (ఇచ్చాడని అనకూడదు. వాడి బలవంతం మీద నేను స్వీకరించాను.) పెళ్ళిళ్ళలో జనాన్ని తోసుకుంటూ తిరగడం కూడా మనకు తగదు కాబట్టి, కుటుంబాల చిత్రాలు మాత్రమే తీస్తానని ప్రకటించాను. ‘‘సరే నాయనా, ముందు నన్ను తియ్యి, చూస్తాం’’ అంది అమ్మ. కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్‌తో తీశాను. ముక్కు తెల్లగా మెరిసింది, కళ్ళు బెదిరాయి, వెనక గోడ మీద నల్లటి నీడ ఒకటి ఆమెను తరుముకొస్తున్నట్టు పడింది. అమ్మ చూసి, ‘‘ఇదేందిరా, దొంగతనం చేస్తా పట్టుబడినదాని మాదిరి తీసినావు?’’ అంది. నాకు మంచి దీపాలు కావాలని అప్పుడు అర్థమైంది.

నెల్లూరులో కెమెరా సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన సన్నటి మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉన్నాడు. ‘‘కొత్తగా మొదలుపెట్టినారా సార్? అయితే ఒక ఫ్లాష్, ఒక స్టాండు, ఒక తెల్ల గొడుగు చాలు. గొడుగు గుడ్డలోనుంచి వెలుతురు పోయేటట్టు పెట్టుకుని, మనిషికి కొంచెం పక్కగా, తలకన్నా కాస్త ఎత్తులో నిలబెట్టండి. దీపం ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే మొహం అంత మెత్తగా వస్తాది. రెండో పక్క నీడ ఎక్కువైతే ఒక తెల్ల గుడ్డో, తెల్ల అట్టో పట్టుకోండి. ఇంట్లో తీసే ఫోటోలకు ఇంతకు మించి అక్కర్లా’’ అన్నాడు. ఆయన ఆ ఒక్క నిమిషంలో చెప్పిందే ఇవాళ నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు నేను వారం రోజులు చెబుతున్నాను. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. నా చొక్కా కాలరు వైపు ఒకసారి చూసి, ‘‘మీ బడ్జెట్‌కు కూడా ఇదే మంచిది సార్’’ అన్నాడు.

నా బడ్జెట్ సంగతి ఆయనకెవరు చెప్పారు? మా ఇంట్లో చవక వస్తువు గడప దాటి లోపలికి రాలేదు. (ఖరీదైనవన్నీ గడప దాటి బయటికి వెళ్ళాయన్నది వేరే విషయం.) ‘‘గొడుగులు వద్దు. పెద్దవి చూపించండి’’ అన్నాను. మూల రెండు ఇనప దీపాలు కనిపించాయి, ఒక్కొక్కటి అన్నం తపేలా అంత. గంభీరంగా, బరువుగా, పాతకాలపు పెద్దమనుషుల్లా ఉన్నాయి. చూడగానే మా బంధువులనిపించింది. ‘‘అవి పాత వీడియోవాళ్ళవి సార్. ఇప్పుడెవరూ వాడట్లా. నిప్పుల కుంపట్లు. ఇంటి వైరింగు తట్టుకోదు’’ అని ఆయన మొత్తుకున్నాడు. ‘‘మా ఇంటి వైరింగు గురించి మీకెందుకు?’’ అన్నాను. మిగిలి ఉన్న ఒకే ఒక్క వెండి పన్నీరుబుడ్డి వెళ్ళిపోయింది, దీపాలు వచ్చాయి. అమ్మ వాటి మీది దుమ్ము తుడిచి వసారాలో పెట్టింది. అందుకూ కోపం వచ్చింది.

మా వీధికి మైపాడు నుంచి పొద్దున బస్సులో వచ్చి చేపలమ్మే అవ్వ ఒకామె ఉండేది. వసారాలో ఆ దీపాలను చూసి గంప దించి, ‘‘ఏంది నైనా ఇవి, కరెంటోళ్ళు మర్చిపోయి పోయినారా?’’ అంది. (మా తాతగారి మనవణ్ణి నైనా అనడం!) ఫోటోలకని అమ్మ చెప్పగానే ఆమె గొంతుక్కూర్చుంది. ‘‘నాకు నలుగురు పిలకాయలు నైనా. పెద్దోడు మద్రాసు పడవల మింద, రెండోవాడు కృష్ణపట్నంలో, కడమ ఇద్దరూ ఈడనే. నలుగురూ ఒక గోడ కాడ నిలబడింది నేను చూసి ఏడేండ్లయింది. గవర్మెంటోళ్ళు సముద్రంలో వేట ఆపినారు గదా, ఈ ఏడు ఈ రెండు నెలలకూ అందరూ ఇంటికి చేరినారు. ఎల్లుండి పెద్దోళ్ళిద్దరూ పడవలకు పోతారు. మళ్ళీ ఎవుడు యాడుంటాడో. అందుకని పోయేలోపల మాదొక ఫోటో తియ్యి. నన్ను నడిమధ్యన కూసోబెట్టి, నా పిలకాయలు నా చుట్టూ ఉండాల.’’ నాకు వచ్చిన మొదటి పని అది. ‘‘చూద్దాం’’ అన్నాను గంభీరంగా. ఆమె గంపలోనుంచి పెద్ద ఎండు వంజరం చేప ముక్క తీసి అమ్మ చేతిలో పెట్టింది. అది కానుకా, జాలా అని ఆ రాత్రంతా ఆలోచించి, రెండు వాయిలు తిన్నాను.

వాళ్ళు పడవలకు పోయే రోజు పొద్దున ఎనిమిదింటికల్లా రెండు దీపాలతో మైపాడు బస్సు దిగాను. పెద్దకొడుకునీ రెండోవాడినీ తీసుకుపోయే వ్యాను పదకొండింటికి వస్తుందన్నారు. కావలసినంత టైముందనుకున్నాను. అవ్వది కాలనీ ఇల్లు, ఒకటే పెద్ద గది. గోడలు నాలుగూ చిలకపచ్చ. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. నడిమధ్యన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసి, జరీ అంచు చీర కట్టుకుని అవ్వ కూర్చుంది. నలుగురు కొడుకులూ తలకు నూనె రాసుకుని వెనక నిలబడ్డారు. నేను తలుపులూ కిటికీలూ మూయించి (బయటి వెలుతురు నా దీపాలకు పోటీ రాకూడదు కదా) మొదటి దీపం వేశాను. ఐదు నిమిషాల్లో అందరి నుదుళ్ళ మీదినుంచీ నూనె, చెమటా కలిసి కారాయి. ‘‘సారూ, మమ్మల్ని ఫోటో తీస్తావా, ఎండబెట్టి అమ్ముతావా?’’ అన్నాడు మూడోవాడు. ‘‘కదలకండి’’ అని కసిరి తీశాను. కెమెరా తెరమీద చూస్తే ఐదుగురూ పచ్చగా ఉన్నారు. ఆ గోడల రంగంతా మొహాల మీదికి దిగింది. అవ్వ తొంగి చూసి, ‘‘నాచు పట్టిన పడవల మాదిరి ఉండామే!’’ అంది.

‘‘తప్పు నాది కాదు, గోడలది. ఈ పచ్చరంగు ఎవరు వేయమన్నారు?’’ అన్నాను.

‘‘ఎవురు చెప్పాల? నువ్వు ఫోటో తీస్తావనే గదా మొన్న వేయించినా!’’

అక్కడైనా నోరు మూసుకోవలసింది. ఒక దీపం చాలకనే ఇలా వచ్చిందని చెప్పి రెండోది వేశాను. మీటరు దగ్గర టప్పుమంది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, కాలిన వైరు వాసన వచ్చింది. చీకట్లో కడగొట్టువాడి గొంతు వినిపించింది: ‘‘అన్నా, తలుపు తీస్తే వెలుతురు వస్తాది గదా?’’

‘‘తలుపు వెలుతురులో ఫోటో తీయడానికి నేనెందుకు?’’ అన్నాను.

‘‘మేమూ అదే అనుకుంటా ఉండాం’’ అన్నాడు మూడోవాడు.

అవ్వే లేచి తలుపు బార్లా తీసింది. తూర్పు వాకిలి. ఎండ నేరుగా పడకుండా వసారా చూరు అడ్డం ఉంది. మెత్తటి వెలుతురు గదిలోకి వచ్చి నలుగురి మొహాలకూ ఒక పక్క పరుచుకుంది, ఇంకో పక్క మాత్రం నల్లగా ఉండిపోయింది. కొట్టాయన చెప్పిన తెల్ల అట్ట అప్పుడు, ఎంత వద్దనుకున్నా, గుర్తొచ్చింది. అడిగితే అవ్వ చేపల పెట్టె మూత తెచ్చింది. తెల్లటి థర్మోకోలు, మంచం వెడల్పు, రెండు నెలలుగా ఐసు ముట్టకపోయినా వాసన వదలనిది. నేను ముక్కు మూసుకోలేదు, వెన్ను మాత్రం ఇంకాస్త నిటారైంది. దీపం స్టాండుకు ఆనిస్తే గాలికి పడిపోయింది. పట్టుకుందామంటే కోడళ్ళంతా పడవలకు పసుపు కుంకుమ పెట్టడానికి గట్టుకు వెళ్ళారు. ‘‘ఇట్టియ్యి నైనా. ముందు నా పిలకాయల మొహాలు సరిచూసుకో. తరవాత వచ్చి కూసుంటా’’ అని అవ్వ మూత అందుకుంది.

‘‘పైకి ఎత్తు. అంత కాదు. ఇటు తిప్పు. కదలొద్దంటుంటే!’’ అని అరిచాను, డెబ్బై ఏళ్ళ మనిషిని.

‘‘అరవబాక నైనా, నా చేతిలో ఉండేది మూత, పడవ కాదు.’’

నలుగురూ ఆమె వైపు చూసి ఫక్కున నవ్వారు. నేను నొక్కాను. తెర మీద చూసి నా కళ్ళను నేను నమ్మలేదు. పచ్చదనం లేదు, నీడల్లేవు. పెద్దవాడి గడ్డం మీది పాత గాటు, కడగొట్టువాడి లేత మీసం, నూనె తలల మీది మెరుపు, అన్నీ చెయ్యి పెట్టి తాకేంత దగ్గరగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి నేను తీసినది నాకు నచ్చింది. అంతే, ఒళ్ళు తెలియలేదు. ఇంకొకటి, ఇంకొక్కటి అంటూ నొక్కుతూనే ఉన్నాను. వాకిట్లో వ్యాను హారను మోగింది. పెద్దవాళ్ళిద్దరూ సంచులు భుజాన వేసుకుని, తల్లి చెయ్యి ఒకసారి పట్టుకుని పరుగెత్తారు. వాళ్ళను ఎక్కించడానికి తమ్ముళ్ళిద్దరూ వెళ్ళారు. గదిలో ఎర్రకుర్చీ, నేను, ఇంకా మూత ఎత్తి పట్టుకుని నిలబడ్డ అవ్వ మిగిలాం.

కెమెరాలో టైమరు ఉంది. ఆ మూత నేనే పట్టుకుని ఆమెను కూర్చోబెట్టి ఉండవచ్చు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నన్ను నేను నాలుగు తిట్టుకుంటాను.

‘‘అవ్వా, మిమ్మల్ని విడిగా తీసి కంప్యూటర్లో మధ్యలో అతికిస్తాను’’ అన్నాను. (‘మీరు’ ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు.)

‘‘అతికించేదానికి నేనేం చిరిగినానా?’’ అని కెమెరా లాక్కుని చూసింది. నలుగురు కొడుకులు, మధ్యలో ఖాళీ కుర్చీ, అంచున మూతా దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళూ, ఒక మట్టిగాజు. ఆ అంచు కత్తిరిస్తానన్నాను. కత్తిరిస్తే తన వేళ్ళు ఉండవంది. ‘‘కుర్చీ ఖాళీగా ఉంది, చూసినవాళ్ళు మీరు లేరనుకుంటారు’’ అన్నాను.

‘‘చెయ్యి కనపడతా ఉండాదిగా. చచ్చినోళ్ళు మూతలు పట్టుకుంటారా?’’

ఆ బొమ్మనే కత్తిరించకుండా పటం కట్టించి ఇచ్చాను. మరుసటి ఏడు వేట ఆపిన రోజుల్లో ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. ఒక ఫ్లాష్, ఒక స్టాండు, ఒక తెల్ల గొడుగు. అవ్వను నడిమధ్యన కూర్చోబెట్టి, చుట్టూ నలుగురినీ నిలబెట్టి, తప్పు పట్టడానికి వీల్లేని చిత్రం తీసి, పటం కట్టించి తీసుకెళ్ళాను. ఆమె చూసి ‘‘బాగుండాది నైనా’’ అంది. బట్టల పెట్టె తెరిచి చీరల కింద భద్రంగా దాచింది. గోడ మీద మాత్రం ఆ ఖాళీ కుర్చీ పటమే, నా అసమర్థతకు మైపాడంతా సాక్షి అన్నట్టు, అలాగే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ‘‘ఇంత మంచిది పెట్టెలో పెట్టి, అదెందుకు గోడకు?’’ అని అడిగాను.

‘‘ఇప్పుడు తెచ్చినదాంట్లో నా పిలకాయలందరూ నిన్ను చూస్తా ఉండారు. దాంట్లో నన్ను చూస్తా ఉండారు’’ అంది.

ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. ఆ మొదటి రోజు తిరుగు బస్సు అప్పుడప్పుడూ కళ్ళ ముందుకొస్తుంది. చొక్కానిండా చేపల వాసనతో, పక్కన ఎవరూ కూర్చోని సీటులో, రెండు ఇనప తపేలాలను కాళ్ళ మధ్య ఇరికించుకుని, కెమెరా తెర మీద అదే బొమ్మను పదే పదే చూసుకుంటూ, తన సంతోషం కండక్టరుకు ఎక్కడ తెలిసిపోతుందోనని నెల్లూరు దాకా నుదురు ముడేసుకుని కూర్చున్న ఆ కుర్రవాణ్ణి చూస్తే కోపం పూర్తిగా రాదు. సగంలోనే నవ్వొచ్చేస్తుంది.