స్టేషన్‌లో పెట్టిన తుపాకీ

పదిహేనేళ్లు నేను గాల్లో ఎగిరే మట్టి పళ్లేలను తుపాకీతో కొట్టాను. ఆ ఆట పేరు స్కీట్. లింగాల దగ్గర మా బీడు చేనులో పళ్లేలు విసిరే మిషన్ పెట్టుకుని సాధన చేసేదాన్ని. "పళ్లేలు పగలగొట్టనీకి తుపాకి యాలమ్మా? మా కోడలికియ్యి, ఉత్త చేతులతోనే పగలగొడ్తాది" అని ఊళ్లో నవ్వేవాళ్లు.

ఆ ఏడు దేశం జట్టుకు ఢిల్లీలో ఎంపిక పోటీ. అంతకుముందు రెండుసార్లు కొద్దిలో తప్పింది. వయసు నలభైకి దగ్గరపడింది, ఇదే ఆఖరిదని తెలుసు. వారం ముందు షూటింగ్ కోటుకు భుజం మీద తోలు కుట్టించుకోవడానికి ప్రొద్దుటూరు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మంచం కింద తుపాకీ పెట్టె లేదు.

ఆ రోజే ఎన్నికలు ప్రకటించారు. అవి అయ్యేదాకా లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో పెట్టాలి. నాయన తన తుపాకీతో పాటు నాదీ స్టేషన్‌లో ఇచ్చి వచ్చాడు. ఎదుటి వర్గం వాళ్లు మా చిన్నాయనను చంపిన తర్వాత ఊరి పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. ముందు మా ఇంటివి వెళ్తాయి, తర్వాతే ఎదుటి వర్గం వాళ్లవి.

ఆటగాళ్లకు మినహాయింపు ఉంది. ఆ కాగితం తీసి నాయనకు చూపించాను.

"నీది ఇంట్లో ఉంటే వాళ్లు మాత్రం యాడిస్తారమ్మా? చేతులు కాలినాంక ఆకులు పట్టుకుంటామా? ఆడ ఎవురిదన్నా తీసుకోని కొట్టరాదా?"

స్టేషన్‌కు పోయి కాగితం చూపిస్తే నా తుపాకీ ఇచ్చేవాళ్లే. పోలేదు. కోపం రావాల్సింది, అదీ రాలేదు. చెయ్యి కడుక్కుని అన్నం తిన్నాను.

ఢిల్లీలో తోటి షూటర్ ఒకామె తన తుపాకీ ఇచ్చింది. పళ్లెం కనబడేదాకా తుపాకీ నడుము దగ్గరే ఉంచాలి, కనబడగానే భుజానికెత్తాలి. నా తుపాకీకి భుజానికానే కర్రను నా చేతికి తగ్గట్టు కోయించుకున్నాను. ఆమెది రెండు వేళ్ల పొడుగెక్కువ. ఎత్తేటప్పుడు చంక దగ్గర కోటుకు తగులుకునేది. రెండు పళ్లేల తేడాతో చోటు పోయింది. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. రైలు ఎర్రగుంట్ల చేరేదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తు లేదు.

ఎన్నికల ఫలితాలొచ్చాక తుపాకీ తెచ్చుకోవడానికి స్టేషన్‌కు వెళ్లాను. ఎదుటి వర్గం పెద్దాయన కూడా తమవి తీసుకోవడానికి వచ్చాడు. ఎన్నడూ మా ఇంటివాళ్లతో పలకని మనిషి, నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నీది గూడా వచ్చిందని తెల్సినాంకనే మావి తెచ్చిచ్చినామమ్మా. మా ఇంట్లో ఉడుకురక్తం పిల్లోళ్లు శానామంది ఉండారు."

తల ఊపి, సంతకం పెట్టి, పెట్టె తీసుకున్నాను.

ఆ ఎన్నికల్లో మా ఊళ్లో ఒక్క తుపాకీ పేలలేదు. ఆ తర్వాత నాదీ పేలలేదు.